గోడ లోపలి వైపు

శ్రీకాకుళం వైపు వెళ్లొచ్చానని తెలిశాక తెలిసినవాళ్లంతా ఒకటే అడిగారు, అరసవిల్లి చూశావా, శ్రీకూర్మం చూశావా అని. రెండూ చూడలేదు. తొమ్మిది రోజులు తిరిగి నేను చూసినవి గోడలు, చెట్ల మొదళ్లు, రేకులు, వాటి మీద పడిన దెబ్బలు. దేవుణ్ని వదిలేసి దెబ్బలు చూసొచ్చినవాడి కథ ఎవరిక్కావాలని మా ఆవిడ అంది. కావాలో అక్కర్లేదో చదివాక మీరే చెప్పండి.

నేను బొంబాయిలో ఒక డిజైను ఆఫీసులో సివిల్ ఇంజనీర్ని. పుట్టింది తెనాలి దగ్గర. మా ఆఫీసు ఒక అణువిద్యుత్ కేంద్రానికి గోడల నమూనాలు గీస్తోంది. ఎక్కడ కడతారో రాయకూడదు కాబట్టి రాయను. ఆ కేంద్రంలో ఉండే పెద్ద యంత్రాన్ని ఎప్పుడూ చల్లబరుస్తూ ఉండాలి, ప్రమాదం వస్తే వెంటనే ఆపెయ్యాలి. ఆపే మీటలన్నీ ఒక గదిలో ఉంటాయి. పెనుగాలి లేచిందనుకోండి, చుట్టుపక్కల రేకులు, స్తంభాలు, దూలాలు ఊడి విపరీతమైన వేగంతో వచ్చి ఆ గది గోడను కొట్టొచ్చు. పక్క షెడ్డులో గిర్రున తిరిగే టర్బైను రెక్క విరిగి ఎగిరినా అంతే. వచ్చింది ఏదైనా సరే, లోపలికి దూరకూడదు. ఎంత బరువున్నది ఎంత వేగంతో కొడితే ఎంత లోతు దిగుతుందో లెక్క కట్టి, దానికి రెట్టింపు మందం పెట్టాను. ఆ గోడ నాది. ఆ గోడకు ఆనించి, మీటల దగ్గర పనిచేసేవాళ్లకు ఆరు కుర్చీలు గీసిందీ నేనే. అలా వేస్తే గదిలో బోలెడు చోటు మిగిలింది. మా చీఫ్ మెచ్చుకున్నాడు కూడా.

చిక్కల్లా ఒకటే. పుస్తకాల్లో ఉన్న లెక్కలన్నీ పరాయి దేశపు దుంగలవీ, పరాయి దేశపు మోటారు కార్లవీ. మన గాలి ఏం విసురుతుందో ఎవరూ కొలవలేదు. ఉత్తరాంధ్ర తీరాన తుపాను వచ్చి అప్పటికి మూడు నెలలైంది. "వెళ్లి కొలుచుకు రా. ఫొటోలు తీసుకు రా. మన గోడ నిలబడుతుందని తేలుతుంది. రాగానే సంతకం పెట్టేస్తాను" అన్నాడు చీఫ్. నాకా, ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. సుత్తి, ఉలి, టేపు, కెమెరా, నోటుబుక్కు సంచిలో పడేసి ఆ వారమే బయల్దేరాను.

విజయనగరం

వాల్తేరులో పాసెంజరు ఎక్కి విజయనగరంలో దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సత్రంలో పెట్టె పడేసి భోజనం హోటలుకు వెళ్లాను. పప్పులో బెల్లం, పులుసులో బెల్లం. మా వైపు పులుసు తింటే కళ్లల్లో నీళ్లు తిరగాలి. ఇక్కడి పులుసు మనల్ని బతిమాలుతున్నట్టు ఉంటుంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. ముక్కుల్లోంచి మాడుకెక్కింది, ప్రాణం లేచొచ్చింది.

హోటలాయన నా సంచి వంక చూసి, "మీరు ఎవరి తాలూకా బాబూ" అని అడిగాడు. ఎవరింటి చుట్టానివి అని అడగడం అది. ఎవరి తాలూకా కాదని, కరెంటు పని మీద వచ్చానని చెప్పాను. అణువు, గోడ అంటూ మొదలుపెడితే సాయంత్రమవుతుంది కదా.

"అలగయితే మా అత్తోరి ఊరికి కరెంటు ఎప్పుడొస్తాదో సెప్పండి" అన్నాడు.

ఈ ప్రశ్న తొమ్మిది రోజులూ నన్ను వదల్లేదు. తెలియదన్న ప్రతిచోటా జనం నన్ను అబద్ధాలకోరును చూసినట్టు చూశారు. తిన్న తరవాత కాసేపు నడుం వాల్చుదామనుకున్నాను గాని పావుగంట పడుకోలేకపోయాను. ఊరంతా తిరిగి ఐదు గోడల మీద దెబ్బలు కొలిచాను. కోట పక్కనించి మూడుసార్లు వెళ్లి కూడా తలెత్తి కోటను చూడలేదన్న సంగతి రైల్లో కూర్చున్నాక గుర్తొచ్చింది.

నెల్లిమర్ల

రైలు దిగగానే జనపనార వాసన. తడిసిన గోనెలు ఎండలో ఆరేస్తే వచ్చే వాసన అది. మిల్లు షిఫ్టు వదిలిన వేళ, నెత్తి మీద నార పీచులు అంటుకున్న మనుషులు గుంపులుగా వస్తున్నారు. వాళ్లలో సింహాచలం అనే ఆయనకు నా పని చెబితే, ఇంటికి పోకుండా నన్ను పొలాల్లోకి తీసుకుపోయాడు. అక్కడ ఒక తాటిచెట్టు మొదలులో జింకు రేకు గొడ్డలి దిగినట్టు దిగి, మిగతా రేకంతా చెట్టుకు చుట్టుకుపోయి ఉంది. నాలుగంగుళాల లోతు. నా నోటుబుక్కుకు పండగే.

"ఈ రేకు ఎక్కడిది?" అని అడిగాను.

"ఎవుడికి తెలుసు బాబూ. మా ఊరిది కాదు. ఇంత కొత్త రేకు మా ఊర్లో ఎవుడికీ లేదు."

ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడిచి కాలవలో పడ్డాను. సింహాచలం నవ్వు ఆపుకోవడానికి తల పక్కకు తిప్పుకున్నాడు. తరవాత వాళ్లింట్లో నా పంట్లాము ఆరేదాకా ఆయన లుంగీ కట్టుకుని చోడి అంబలి తాగాను. చోళ్లంటే మా వైపు రాగులు. అందులోకి ఉల్లిపాయ, ఎండుమిరపకాయ. ఇంటికొచ్చిన పరాయివాడికి మా వైపు కాఫీ ఇచ్చి కబుర్లు చెబుతారు. ఇక్కడ ముందు కడుపు నింపుతారు, పేరు తరవాత అడుగుతారు. పంట్లాము పూర్తిగా ఆరకుండానే వేసుకుని బయల్దేరాను. ఇంకా కాసేపు ఉండమని సింహాచలం మూడుసార్లు చెప్పాడు.

చీపురుపల్లి

సంత రోజు. తేగల కట్ట పావలా, టీ పదిహేను పైసలు. తేగలు నములుతూ గోడలు వెతికాను. టీ కొట్టు వెనక ఇటుక గోడ మీద పెద్ద దెబ్బ కనబడింది. తారు పూసిన తీగల స్తంభం ఒకటి ఎగిరొచ్చి మొనతో పొడిచిందట. గోడ చెక్కుచెదరలేదు. దెబ్బ లోతు అంగుళమున్నర. ఉత్సాహంగా కొలుస్తుంటే టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూనే మాటందించాడు.

"గోడకేటీ అవలేదు బాబూ. లోన మావోళ్లు గోడవార పేర్సుకున్న కుండలు మాత్రం అన్నీ పోనాయి. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు."

"గాలికి పడి పగిలుంటాయి" అన్నాను.

"తలుపులేసుకుని కూకుంటే లోనకి గాలెక్కడిది?"

నేను నవ్వేసి టేపు చుట్టేశాను. అణువిద్యుత్ కేంద్రం గోడకు లెక్క కట్టేవాడు కుండల సంగతి రాసుకుంటాడా? పైగా రైలుకు వేళైంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

కోటబొమ్మాళి

కోటబొమ్మాళి స్టేషన్లో దిగానో లేదో ఒక కానిస్టేబులు పట్టుకున్నాడు. ఏజెన్సీ కొండల్లో గొడవలు జరుగుతున్నాయి. కొత్త ముఖం కనబడితే చాలు, సంచి విప్పమంటున్నారు.

"ఈ సుత్తేటి? ఈ టేపేటి? ఈ బుక్కులో బొమ్మలేటి?" అని ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాడు.

తుపాను విసిరినవాటిని కొలుస్తున్నానని చెప్పాను.

"గాలెలిపోయి మూణ్ణెల్లయినాది. ఇప్పుడు కొలిసి ఏటి సేస్తావు?"

బొంబాయి నుంచి తెచ్చిన కాగితం చూపించాను. అది ఇంగ్లీషులో ఉంది కాబట్టి స్టేషన్ మాస్టరు రావాలన్నాడు. గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టాడు. నన్ను శిక్షించాలంటే అంతకు మించిన శిక్ష లేదు. పాతికసార్లు లేచాను, పాతికసార్లు కూర్చోమన్నాడు. చివరికి మాస్టరు వచ్చి చదివి పంపించెయ్యమంటే, కానిస్టేబులు తనే నా సామాను సంచిలో సర్దిపెట్టాడు.

"గోడ మీద దెబ్బ సూడాలంటే సముద్రమొడ్డున కిరస్తానపోళ్ల గుడికి ఎల్లు బాబూ" అన్నాడు. "తాటివాసం వొచ్చి గుద్దినా గోడ నిలబడిపోనాది. లోన పాస్టరు మాత్రం భయంతో గుండాగి సచ్చిపోనాడు. రోజూ అందరికీ భయపడకండి, భయపడకండి అని సెప్పీవోడు."

నేను విన్నది గోడ నిలబడిందన్న ముక్క ఒక్కటే.

సముద్రపు ఊరు

ఊరి పేరు రాయనని మాటిచ్చాను. వరి మళ్లు దాటి, జీడితోటలు దాటి, ఇసకలో బండి చక్రాలు కూరుకుపోతుంటే దిగి తోస్తూ వెళ్లాను. ఒక వైపు బెస్తల గుడిసెలు, ఇంకో వైపు మిషను వాళ్ల కాలంలో కట్టిన చిన్న చర్చి. అడుగున్నర మందాన ఇటుక గోడ, కొత్తగా వేసిన సున్నం తెల్లగా మెరుస్తోంది. సముద్రం వైపు గోడ మీద ఆ దెబ్బ అలాగే ఉంది. నా అరచెయ్యి అంత వెడల్పు, రెండంగుళాల లోతు. కొట్టిన తాటివాసం కూడా పక్కనే పడి ఉంది. పదమూడడుగులు. ఎవరి ఇంటి కప్పునుంచో ఊడి మొనతో వచ్చి పొడిచింది. గోడ దాన్ని ఆపేసింది. నాకు కావలసిన ఫొటో ఇదే. చుట్టూ తిరిగి ఎనిమిది తీశాను.

చర్చి పక్క బడి నుంచి తెల్లచీర కట్టుకున్న ఆవిడ వచ్చి నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. రూతమ్మ టీచరు. నేను ఇంజనీర్నని ఎవరో చెప్పినట్టున్నారు.

"అది లోపలికి రాలేదు కదండీ?" అని అడిగింది.

"రాలేదమ్మా. రాదు కూడా. మంచి గోడ ఇది. దీని వెనక కూర్చున్నవాళ్లకు ఏమీ కాదు" అన్నాను, చాలా సంతోషంగా.

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. సరేనండీ అని తలూపి మళ్లీ బడిలోకి వెళ్లిపోయింది. మెచ్చుకుంటుందనుకున్నాను నేను. ఇదేం మనిషి అనుకుని టేపు చుట్టుకున్నాను.

అప్పలమ్మ ఇల్లు

మధ్యాహ్నం భోజనం బెస్తల వైపు అప్పలమ్మ అనే ముసలావిడ ఇంట్లో. ఎండుచేపల పులుసు, వేడన్నం. ఆవిడ చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పొగ పీలుస్తోంది. ఇక్కడి ఆడవాళ్లు చాలామంది అలాగే కాలుస్తారు, అడ్డపొగ అంటారు. మా వైపు ఆడవాళ్లు చుట్ట కాల్చడమే విడ్డూరం, ఇంక నిప్పును నాలుక మీద పెట్టుకోవడమా అని నోరు తెరిచి చూశాను.

"ఏటలగ సూస్తావు నాయనా. సముద్రం గాలి కదా. నిప్పు బయట పెట్టుకుంటే రవ్వ ఎగిరి తాటాకు మీద పడతాది. ఊరంతా తగలడిపోద్ది."

తింటూ గుడిసె లోపలి గోడ చూశాను. మట్టిగోడ. ఒక మూల మెత్తు రాలిన చోట దారాలు కనబడ్డాయి. దగ్గరికెళ్లి చూస్తే వల. పాత చేపల వల గోడ లోపలి ముఖానికి కొట్టి, దాని మీద మట్టి మెత్తారు.

"ఇదెందుకమ్మా?"

"గాలప్పుడు బయట దుంగ తగిల్తే లోన గోడ పెళ్ల లేసిపోతాది కదా. వల ఉంటే పట్టుకుంటాది. మా అత్త సేసేది, మా అత్తకి ఆళ్లత్త సెప్పింది. ఇక్కడ బెస్తోళ్లందరూ ఇలగే సేస్తారు. గాలప్పుడు ఎవరూ గోడకి ఆనుకోరు కూడా. పిల్లల్ని నడిమిట్లో ఏసుకుని కూకుంటాం."

"బయట దుంగ లోపలికి రాకపోయినా పెళ్ల లేస్తుందా?"

"దుంగెందుకు రావాలి నాయనా? దెబ్బ వొస్తాది కదా."

చీపురుపల్లి కుండలు గుర్తొచ్చాయి. వరసగా అంటించి పెట్టిన గోలీల్లో మొదటిదాన్ని కొడితే చివరిది కదా లేచేది. చిన్నప్పుడు వెయ్యిసార్లు ఆడిన ఆట అది. బయటివైపు ఎంత లోతు దిగుతుందో రెండేళ్లు లెక్కలు కట్టాను గాని, లోపలి వైపు ఏమవుతుందో ఒక్క రోజు అడగలేదు. ఆరు కుర్చీలు ఆ లోపలి వైపుకే ఆనించాను.

"మరి చర్చిలో పాస్టరు గారు ఎక్కడ కూర్చున్నారు?" అని అడిగాను.

అప్పలమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "దేవదానం బాబా? గోడవారే. గుడి నిండా జనం. ఆడోళ్లనీ పిల్లల్నీ నడిమిట్లో కూకోబెట్టి తను సముద్రం వైపు గోడకి జేరబడి పాట పాడతన్నాడంట. దీపం ఆరిపోనాది. మళ్లీ ఎలిగించి సూత్తే పోయున్నాడు. నెత్తురు లేదు, దెబ్బ లేదు, గోడ నిలబడుంది. దారులు తెగిపోయి డాక్టరు రాలేదు. భయంతో పోయాడని సంఘపెద్దే అన్నాడు, మరింక ఊరంతా అదే మాట. ఆ పిల్ల మూణ్ణెల్లయి తలొంచుకునే తిరగతన్నాది."

ఆ పిల్ల ఎవరని అడిగాను, అడగకముందే నాకు తెలిసిపోయినా.

"రూతమ్మ. ఆయన పెళ్లాం."

అన్నం అలాగే వదిలేసి లేచాను. పొద్దున నేనేం చేశానో అప్పుడు అర్థమైంది. ఈ గోడ వెనక కూర్చున్నవాళ్లకు ఏమీ కాదని బొంబాయి ఇంజనీరు నోటితో ఆవిడకు చెప్పాను. అంటే నీ మొగుడు భయంతోనే పోయాడని చెప్పాను. అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు.

సుత్తి

చర్చి దగ్గరికి నడిచిన ఆ పది నిమిషాలూ నా మనసు రెండు వైపులా లాగింది. లోపల గుంట దొరికితే ఆ చచ్చిపోయిన మనిషి పరువు నిలబడుతుంది, నా గోడ పడిపోతుంది. దొరక్కపోతే నేను హాయిగా రైలెక్కొచ్చు. దొరక్కూడదని కోరుకున్నాను. ఇది రాయడానికి కష్టంగానే ఉంది.

చర్చి సంఘపెద్ద శామ్యూలు గారు రిటైరైన హెడ్మాస్టరు. పంచె మడత నలగని మనిషి. లోపలి గోడకు మెత్తు వేయించింది, సున్నం కొట్టించింది ఆయనే. తుపాను తరవాత గది నిండా పెంకులు, గచ్చు పెళ్లలు పడి ఉంటే అన్నీ ఎత్తించి, వానకు రాలిందనుకున్న చోటల్లా మెత్తుతో పూడ్పించి, పది రోజుల్లో గోడ నున్నగా చేయించారు. మళ్లీ గోడ కొట్టాలంటే ఒప్పుకోలేదు.

"సున్నం ఏసి మూణ్ణెల్లు తిరగలేదండీ. దేవుని మందిరం. మీకేదో అనుమానం వొచ్చిందని గోడ బద్దలుకొడతామేటి?"

బడి గుమ్మంలో నిలబడ్డ రూతమ్మ టీచరు వచ్చి మా మధ్య నిలబడింది.

"కొట్టండి బాబూ" అంది నాతో. తరవాత ఆయనతో, "సున్నం డబ్బు నా జీతంలో పట్టుకోండి మాస్టారూ" అంది.

ఆయన తల పక్కకు తిప్పుకున్నారు. నేను సుత్తి తీసుకుని లోపలి గోడ మీద మెల్లగా తట్టుకుంటూ వెళ్లాను. టక్, టక్, టక్. బయటి దెబ్బకు సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి చప్పుడు మారింది. బోలుగా వినబడింది. ఉలితో కొత్త మెత్తు తీసేకొద్దీ గుంట పెద్దదవుతూ వచ్చింది. అరగంటకు మొత్తం బయటపడింది. బయట అరచెయ్యంత ఉన్న దెబ్బ, లోపల చేటంత గుంట. ఆరంగుళాల లోతు. అంచులు గరాటు మూతిలా విచ్చుకుని ఉన్నాయి. కొత్త మెత్తు తప్ప లోపల ఇటుక లేదు. ఆ ఇటుకలన్నీ ఆ రోజు గదిలోకి ఎగిరి, పెంకుల్లో కలిసిపోయి, వాటితో పాటే బయటికి వెళ్లిపోయాయి.

"మెడ వెనక ఏమైనా కనబడిందా అమ్మా?" అని అడిగాను.

"నల్లగా కమిలి ఉన్నాది. అందరికీ సూపించాను. పడిపోయినప్పుడు తగిలుంటాది అన్నారు."

నేను టేపు తీశాను గాని మళ్లీ పెట్టేశాను. నేల మీద కూర్చుని ఆయన కూర్చున్నట్టే గోడకు జేరబడ్డాను. నా వీపుకు గోడ తగిలింది, భుజాలకు తగిలింది. మెడ వెనక మాత్రం ఏమీ లేదు, గుంటలోని చల్లదనం తగిలింది. తల ఎత్తి చూస్తే శామ్యూలు గారు నన్నే చూస్తున్నారు. రూతమ్మ టీచరు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మూడు నెలల్లో అదే మొదటిసారి అని తరవాత అప్పలమ్మ చెప్పింది.

"ఇది కాగితం మీద రాసిస్తారా?" అని అడిగింది టీచరు, తేరుకున్నాక.

ఆ సాయంత్రం బడి బల్ల మీద కూర్చుని, బొంబాయిలో నేను గీసిన గోడ సంగతి కూడా ఆవిడకు చెబుతూ రాశాను. కదలకుండా అంతసేపు కూర్చున్నది నాకు గుర్తున్నంతవరకు అదొక్కసారే.

ఆదివారం

శనివారం రైలు వదిలేసుకున్నాను. ఆదివారం ఆరాధనలో ఆ కాగితం చదవాలని రూతమ్మ టీచరు కోరింది. ఎవరు చదవాలన్నది కూడా ఆవిడే చెప్పింది. శామ్యూలు గారు కళ్లజోడు తుడుచుకుని లేచారు.

"దేవదానం గారి మృతికి కారణం ఈ గోడ. తాటివాసం బయట తగిలింది. ఆ దెబ్బ గోడలోంచి నడిచి లోపలి ఇటుకలను ఊడగొట్టింది. అవి ఆయన మెడ వెనక తగిలాయి. గోడ నిలబడడం చూసి లోపలివారికి ఏమీ కాలేదనుకోవడం పొరపాటు. ఆ పొరపాటు ఇంజనీర్లు కూడా చేస్తారు. నేను చేశాను. దెబ్బ వెనకనుంచి వచ్చింది. అది వస్తోందని ఆయనకు తెలిసే వీలు లేదు. భయపడడానికి వ్యవధి లేదు. సురక్షితమైన చోటు పిల్లలకు ఇచ్చి, మిగిలిన చోట ఆయన కూర్చున్నారు."

చివరి వాక్యం శామ్యూలు గారు రెండుసార్లు చదివారు. కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకోలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"ఆ మాట ముందు అన్నది నాను" అన్నారు. "తప్పు నాది. దేవదానం, సెమించు."

ఎవరూ పాట ఎత్తుకోలేదు. కాసేపటికి రూతమ్మ టీచరు ఆడవాళ్ల వైపు నుంచి లేచి, తల ఎత్తి, అందరి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి ఆ గుంట ముందు నిలబడింది. గుంట అంచును చేత్తో తడిమింది. అప్పుడు ఆవిడే పాట మొదలుపెట్టింది. ఆయన ఆ వేళ సగంలో వదిలేసిన పాట అదేనట.

నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు. అయినా వాళ్లతో పాటు లేచి నిలబడ్డాను. రైలుకు వెళ్లే బండి ఎక్కేటప్పుడు అప్పలమ్మ తేగలు మూటకట్టి ఇచ్చింది, డబ్బులిస్తే కోప్పడింది.

మళ్లీ బొంబాయి

చీఫ్ ముందు ఫొటోలన్నీ పరిచాను. తాటివాసం ఫొటో చూసి ఆయన సంతోషించాడు.

"గోడ కూలిందా?"

"లేదండీ."

"దూలం లోపలికి వచ్చిందా?"

"రాలేదండీ."

"ఇంకేం మరి" అని పెన్ను తీశాడు.

"లోపల కూర్చున్న మనిషి చనిపోయాడండీ" అన్నాను. చర్చిలో చదివిన కాగితానికి నకలు బల్ల మీద పెట్టాను. దాని పక్కన నా గోడ నమూనా పెట్టి, కుర్చీలున్న చోట వేలు పెట్టి చూపించాను. రెండేళ్ల పని తప్పని నా నోటితో నేనే చెబుతుంటే చెవులు వేడెక్కాయి. ఆయన చాలాసేపు చదివాడు. నేను కూర్చోలేక గదిలో తిరుగుతూనే ఉన్నాను. చివరికి పెన్ను మూత పెట్టి, లోపలి ముఖం నిండా ఉక్కురేకు బిగించాలంటే ఎంత ఆలస్యమవుతుందో లెక్క వెయ్యమన్నాడు. కుర్చీలు గది మధ్యకు జరపమన్నాడు. పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో తనకు తెలియదన్నాడు.

తరవాత ఏడు వారాలు నాకు నిద్ర సరిగా లేదు. పైకి వెళ్లిన కాగితం రెండుసార్లు ప్రశ్నలతో వెనక్కి వచ్చింది. లోపలి ముఖాన్ని చూడమని నీకెవరు చెప్పారని ఒకాయన రాశాడు. బెస్త ముసలావిడ చెప్పిందని రాద్దామనుకున్నాను, చీఫ్ వద్దన్నాడు.

ఆ మధ్యలో రూతమ్మ టీచరు దగ్గర్నించి కార్డు వచ్చింది. గుండ్రటి బడి అక్షరాలు. చర్చి గోడ గుంటను శామ్యూలు మాస్టారు ఇటుకతో పూడ్పించారట. మెత్తు వేసే ముందు అప్పలమ్మ వచ్చి తన ఇంట్లో మిగిలిన వల గోడ పొడుగునా కొట్టించిందట. కింద ఒక వాక్యం రాసింది: "మీ గోడకు వేశారా?"

ఆ కార్డును బల్ల మీద గాజు కింద పెట్టుకున్నాను. ఏం జవాబు రాయాలో తెలియక రోజూ దాన్ని చూస్తూ కూర్చున్నాను. నిన్న మధ్యాహ్నం నమూనా సంతకంతో వెనక్కి వచ్చింది. లోపలి ముఖం నిండా ఉక్కురేకు, కుర్చీలు గది మధ్యలో. చీఫ్‌కు థాంక్స్ కూడా చెప్పకుండా మెట్లు దిగి పోస్టాఫీసుకు పరిగెత్తాను. నిలబడే కార్డు రాశాను.

"వేశాం అమ్మా. అప్పలమ్మకు కూడా చెప్పండి."